గోదావరి గట్టున బొమ్మలు వేద్దాం

దామెర్ల రామారావు (1897-1925) పుట్టిన ఊరు మన రాజమహేంద్రవరం. ఆయన చిత్రాలు ఇక్కడి ఆర్టు గ్యాలరీలోనే ఉన్నాయి. అయినా మన పిల్లలు నాలుగు గోడల మధ్య ఫోనులో ఫొటో చూసి బొమ్మ దించుతున్నారు. ఇది విచారించదగిన విషయం.

ఆరుబయట కూర్చుని వేయాలన్న కోరిక చాలామందికి ఉంది. జనం చుట్టూ మూగి చూస్తారన్న బిడియమే అడ్డు. ఒక్కరే కూర్చుంటే వింత. అయిదుగురు కూర్చుంటే అదొక పని. చూసేవారు కాసేపు చూసి తమ దారిన తాము పోతారు.

పెద్ద ఖర్చు అక్కరలేదు. అట్ట, చిన్న కాగితం, పెన్సిలు, కుంచె, నాలుగు నీటిరంగులు, నీళ్ళ సీసా చాలు. పొద్దెక్కేకొద్దీ నీడలు జరిగిపోతాయి గనుక ముందుగా వాటి హద్దులు గీసుకుని, గంటన్నరలో ముగించాలి. పిదప అందరి బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. 1900లో తెరిచి, 1997లో రైళ్ళు ఆపిన హేవలాక్ వంతెన ఒకరికి నీలంగా, మరొకరికి బూడిదరంగుగా కనిపించి ఉంటుంది. తన కన్ను ఎక్కడ పొరబడిందో, ఎక్కడ గెలిచిందో అప్పుడు తెలుస్తుంది. ఫొటో ఈ పాఠం నేర్పదు.

డ్రాయింగు మాస్టార్లు చొరవ తీసుకుని నెలకొక ఆదివారం ఉదయం పిల్లలను పుష్కరఘాట్‌కు తీసుకురావాలి. పెద్దలూ వెంట కూర్చోవచ్చు. గోదావరికి ప్రవేశ రుసుము లేదు గదా!