చేయించుకున్నట్టు తెలియకూడదంటే...

"నాకు యాభై మూడేళ్లండీ. ఒంట్లో ఏ జబ్బూ లేదు. అయినా ఆఫీసులో అందరూ ‘ఏంటి మేడం, అంత నీరసంగా ఉన్నారు?’ అని అడుగుతారు. నీరసం కాదు, చెంపలు జారాయి, అంతే. ఫేస్‌లిఫ్ట్ చేయించుకోవాలనుంది. కానీ చేయించుకున్నట్టు ఎవరికీ తెలియకూడదు. అంత సహజంగా చేయగలరా? మావారికి కూడా ఇంకా చెప్పలేదు."

ఒక ఉద్యోగిని మాకు రాసిన ఉత్తరంలో మాటలివి. కింద పేరు లేదు.

ఇది చదివి "ఈ వయసులో సోకులేమిటి?" అని మూతి విరిచేవాళ్లు ఉంటారని నాకు తెలుసు. మగవాళ్లు బట్టతల మీద జుట్టు నాటించుకుంటుంటే ఎవరూ మూతి విరవరు. కాబట్టి ఆమె కోరికను నేను తప్పు పట్టను. నన్ను కంగారు పెట్టింది చివరి వాక్యం. ఎందుకో తర్వాత చెప్తాను. ముందు ఆమె అడిగిన దానికి జవాబు చూద్దాం. ఔను, సహజంగా చేయగలరు. అందరూ చేయలేరు, అందరికీ కుదరదు.

2025లో అమెరికా టీవీ తార క్రిస్ జెన్నర్ ఫొటోలు చూసి లోకమంతా ముక్కున వేలేసుకుంది. అరవై తొమ్మిదేళ్ల మనిషి కూతుళ్లకు అక్కలా ఉంది! ఫేస్‌లిఫ్ట్ చేయించుకున్నానని, ఇది రెండోసారని తర్వాత ఆవిడే చెప్పుకుంది. అంతకు మూడేళ్ల ముందు, 2022లో, నటి జేన్ ఫోండా మరోలా మాట్లాడింది. తనూ ఒకసారి చేయించుకున్నానని, అదేమీ గొప్పగా అనిపించదని, ముఖం వికారంగా మారుతుందేమోనన్న భయంతో ఇక ఆపేశానని ‘వోగ్’ పత్రికకు చెప్పింది. ఒకే ఆపరేషన్. ఒకరికి సంబరం, మరొకరికి బెరుకు. తేడా ఎక్కడొస్తుంది?

మనకు తెలిసిన లెక్కలోనే చెప్తాను. లోపలి లంగా బొందు వదులైందనుకోండి. పైన కుచ్చిళ్లు ఎన్నిసార్లు సర్దినా, కొంగు ఎంత లాగి దోపినా కాసేపే. లంగా బిగించి కడితేనే చీర నిలుస్తుంది. ముఖమూ అంతే. చర్మం కింద కొవ్వు, ఆ కింద కండరాలతో అల్లుకున్న పల్చటి పొర ఒకటుంటాయి. ఆ పొరను డాక్టర్లు ‘స్మాస్’ అంటారు. కిందికి అది మెడలోని పల్చటి కండరంతో కలిసిపోతుంది. వయసు పెరిగేకొద్దీ ముఖాన్ని ఎముకకు కట్టిపట్టే లిగమెంట్లు సడలుతాయి. బుగ్గల్లో కొవ్వు కొంత తరిగిపోతుంది, మిగిలింది కిందికి జారుతుంది. కంటిగుంటల చుట్టూ, దవడ దగ్గర ఎముక కూడా కొంచెం కొంచెంగా అరుగుతుంది. అందుకే ముక్కు పక్కన గీతలు లోతవుతాయి, దవడ అంచున సంచుల్లా వేలాడతాయి.

ఇప్పుడు పైచర్మాన్ని మాత్రమే పట్టుకుని చెవుల వైపు లాగి, మిగిలింది కత్తిరించి కుట్టేశారనుకోండి. బరువంతా కుట్ల మీద పడుతుంది. మచ్చలు వెడల్పవుతాయి. నోరు పక్కలకు సాగినట్టవుతుంది. ఎదురుగాలిలో స్కూటర్ వెనక కూర్చున్నట్టుంటుంది ముఖం. పోనీ అదైనా నిలుస్తుందా అంటే, చర్మానికి సాగే గుణం ఉంది కదా, కొన్నాళ్లకు మళ్లీ జారుతుంది. ‘చేయించుకుంది’ అని చూడగానే తెలిసిపోయే ముఖాలు చాలావరకు ఇలా తయారైనవే.

లోపలి పొరను సరిచేసి, చర్మాన్ని దానిమీద బిగువు లేకుండా పరిస్తే ఈ గొడవ ఉండదు. 1974లో స్వీడన్ సర్జన్ టోర్డ్ స్కూగ్ చర్మాన్ని లోపొరతో కలిపి ఎత్తే పద్ధతిని లోకానికి చెప్పాడు. 1976లో ఫ్రాన్స్‌కు చెందిన మిట్జ్, పెయ్రోనీ ఆ పొర ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వివరించి, స్మాస్ అనే పేరు స్థిరపరిచారు. 1990లో అమెరికాలో సామ్ హామ్రా ఇంకాస్త లోతుకు వెళ్లి ‘డీప్ ప్లేన్’ పద్ధతిని ప్రచురించాడు. ఇప్పుడు ప్రకటనల్లో ఊదరగొడుతున్న డీప్ ప్లేన్ అదే. కొత్త మంత్రమేమీ కాదు. అదొక్కటే మంచిదనీ కాదు. స్మాస్ పొరను మడిచి కుట్టే పద్ధతులతోనూ చక్కటి ఫలితాలు తెస్తున్న సర్జన్లున్నారు. ఏ పద్ధతైనా, చెంపలు జారింది కిందికి కాబట్టి ఎత్తాల్సింది ముఖ్యంగా పైకి. చెవి వెనక్కి కాదు.

ఇక్కడ ఒక ఆవిడ గురించి చెప్పకుండా ఉండలేను. ఇలాంటి ఆపరేషన్ మొదట చేశానని చెప్పుకున్నవాడు జర్మనీకి చెందిన హోలాండర్. 1901లో ఒక పోలెండ్ జమీందారిణి పట్టుబట్టి చేయించుకుందట. కానీ ఈ పనికి ఒక పద్ధతి, మర్యాద తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది పారిస్ డాక్టర్ సుజాన్ నోయెల్. 1912లో మహానటి సారా బెర్న్‌హార్ట్ అమెరికా నుంచి తిరిగొచ్చేసరికి ఆమె వయసు తగ్గిందని పత్రికలు రాశాయి. అక్కడ తలమీద జుట్టులో ఒక చర్మం ముక్క కోసి కుట్టారట. నోయెల్‌కు కుతూహలం కలిగింది. ఎవరిమీదో ప్రయోగించలేదు. అద్దం ముందు కూర్చుని తన ముఖం మీదే చర్మాన్ని అక్కడా ఇక్కడా పట్టి ఎత్తి చూసుకుంది.

ఆమె దగ్గరికి వచ్చినవాళ్లంతా నగలు పెట్టుకున్న షోకులరాణులు కారు. ముడతలు పడ్డాయని కొలువు పోయేలా ఉన్నవాళ్లు, పోయినవాళ్లు కూడా వచ్చారు. దుకాణాల్లో, ఆఫీసుల్లో పడుచు ముఖాలే కావాలనేవారు. వాళ్లకు ఆపరేషన్ అంటే కూలి నిలబెట్టుకోవడం. 1926లో నోయెల్ రాసిన పుస్తకం పేరులోనే సౌందర్య శస్త్రచికిత్సకు సామాజిక పాత్ర ఉందన్న మాట ఉంది. స్థానికంగా మత్తిచ్చి, చిన్న చిన్న గాట్లతో, కొంచెం కొంచెంగా చేసేది. అప్పటికి లోపొర సంగతి తెలియదు కాబట్టి చర్మమే కోసేది. కానీ అతి చేయలేదు. ముందూ వెనకా ఫొటోలు తీసి పెట్టుకునేది. ఆడవాళ్ల ఓటు హక్కు కోసం గొంతెత్తింది కూడా ఈవిడే. 1924లో పారిస్‌లో సొరాప్టిమిస్ట్ మహిళా క్లబ్బును స్థాపించింది.

మా ఉత్తరంలోని ఆఫీసు మేడం బాధ, నోయెల్ గుమ్మంలో నిలబడ్డవాళ్ల బాధ ఒకటే. ముఖం ముడత పడితే పనిలోనూ ముడత పడిందనుకునే లోకం వందేళ్లలో పెద్దగా మారలేదు. దానికి ఆపరేషన్ మందా అంటే, కాదంటాను. కానీ ఆ లోకం మారేదాకా నువ్వు ఆగవమ్మా అని ఆమెకు చెప్పే హక్కు నాకు లేదు.

ఇక మన సంగతులు. విదేశీ పుస్తకాల్లో మచ్చలు జుట్టు కింద దాగిపోతాయని రాస్తారు. వాళ్లు జుట్టు విరబోసుకుంటారు. మనం? నూనె రాసి బిగించి జడ వేస్తాం, కొప్పు చుడతాం, పూలు పెడతాం. చెవి ముందూ వెనకా అంతా బయటే. అందుకని డాక్టరు దగ్గరికి రోజూ వేసుకునే జడతోనే వెళ్లండి. గాటు ఎక్కడ మొదలవుతుంది, చెవి ముందున్న చిన్న కండ లోపలి అంచునా, బయటా? చెంప జుట్టు పైకి జరిగి చెవి ముందు బోసిగా కనిపిస్తుందా? పెన్నుతో గీసి అద్దంలో చూపించమనండి. మొహమాటం వద్దు.

చెవి తమ్మె మరీ ముఖ్యం. చర్మం బిగువుగా కుడితే తమ్మె కిందికి సాగి చెంపకు అతుక్కుపోయినట్టవుతుంది. జూకాలు పెట్టుకునే మనకు అది మొదటే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చెవులు కుట్టించినప్పుడు గానీ, కాలిన చోట గానీ గడ్డలా మచ్చ పెరిగిన చరిత్ర ఉంటే ముందే చెప్పాలి. దాన్ని కీలాయిడ్ అంటారు. మన చాయ చర్మాల్లో అది ఎక్కువ. గాటు చుట్టూ నల్లబడటమూ మామూలే, కాబట్టి కొన్ని నెలలపాటు ఎండ తగలనివ్వకూడదు.

ఫేస్‌లిఫ్ట్ వల్ల పోనివి కూడా చెప్పాలి. మంగుమచ్చలు పోవు. పెదవుల చుట్టూ సన్నగీతలు పోవు. బుగ్గలు లోపలికి పోయింది కొవ్వు తరిగి అయితే, పొట్ట నుంచో తొడ నుంచో కాస్త కొవ్వు తీసి నింపుతారు. అది కూడా మితం తప్పితే ముఖం పూరీలా పొంగుతుంది. పళ్లు ఊడి బుగ్గలు పోతే వెళ్లాల్సింది పళ్ల డాక్టరు దగ్గరికి. నవ్వకండి, నిజమే చెప్తున్నా. బరువు తగ్గే ఇంజెక్షన్లు తీసుకుంటున్నవాళ్లు సంగతి మరొకటి. మౌంజారో 2025లో మన దేశానికి వచ్చింది. వేగంగా బరువు తగ్గితే ముఖం జారినట్టవుతుంది. బరువు ఒకచోట నిలిచాకే ఆపరేషన్ ఆలోచన చేయాలి. అన్నీ బాగా జరిగినా, వయసు ఆగదు. పదేళ్లు అటూఇటూగా ఫలితం ఉంటుంది. కమిలిన మచ్చలు, వాపు బయటికి వెళ్లగలిగేంత తగ్గడానికి రెండు మూడు వారాలు, ముఖం పూర్తిగా కుదురుకోవడానికి నెలలు పడుతుంది. అమ్మాయి పెళ్లి వచ్చే నెలలో ఉంది, ఈలోగా చేయించేద్దాం అనుకుంటే పెళ్లి ఫొటోల్లో వాపే మిగులుతుంది.

ఇప్పుడు ఆ చివరి వాక్యం... "మావారికి కూడా చెప్పలేదు."

ఇది పార్లర్‌లో ఫేషియల్ కాదు. కొన్ని గంటల ఆపరేషన్. ఎక్కువగా వచ్చే చిక్కు చర్మం కింద రక్తం చేరి గడ్డకట్టడం. చాలాసార్లు మొదటి ఇరవై నాలుగు గంటల్లోనే వస్తుంది. ఒక పక్క ఉన్నట్టుండి ఉబ్బి, నొప్పి పెరిగితే వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. ఆలస్యమైతే చర్మం చచ్చిపోవచ్చు. ఆ రాత్రి పక్కన మనిషి లేకపోతే చూసేదెవరు? బీపీ అదుపులో లేకపోతే ఈ ప్రమాదం పెరుగుతుంది. గుండెకని రోజూ వేసుకునే ఆస్పిరిన్ కూడా పెంచుతుంది, అలాగని దాన్ని సొంతంగా మానేయకూడదు, గుండె డాక్టరును అడగాలి. పొగాకు ఏ రూపంలో ఉన్నా చర్మానికి రక్తం అందకుండా చేస్తుంది. ముఖాన్ని కదిలించే నరం దెబ్బతింటే నవ్వు వంకరపోవచ్చు. చాలామందిలో కొన్ని వారాల్లో, నెలల్లో సర్దుకుంటుంది, అరుదుగా సర్దుకోదు.

భర్తలు వదిలేసిన మధ్యవయసు స్త్రీల మీద ‘ది ఫస్ట్ వైవ్స్ క్లబ్’ నవల రాసిన ఒలివియా గోల్డ్‌స్మిత్ 2004 జనవరిలో గడ్డం కింద చర్మం బిగించుకునే ఆపరేషన్‌కని వెళ్లి, మత్తులో తలెత్తిన చిక్కులతో చనిపోయింది. భయపెట్టడానికి చెప్పడం లేదు. చిన్న పనే కదా అని చేరే చోట కూడా మత్తు డాక్టరు, ఆక్సిజన్, అవసరమైతే ఐసీయూ ఉన్నాయా అని అడగాలని చెప్తున్నా.

గుట్టుగా చేయించుకోవాలనుకునే మనిషి పెద్ద ఆస్పత్రికి వెళ్లదు. తెలిసినవాళ్లు కనిపిస్తారని భయం. సందులో ఉన్న చిన్న క్లినిక్కుకు వెళ్తుంది. బోర్డు మీద ‘కాస్మెటాలజిస్టు’ అని ఉంటే సర్జనే అనుకుంటుంది. ఏదైనా తేడా వస్తే గట్టిగా అడగలేదు, ఎందుకంటే నలుగురికీ తెలిసిపోతుంది. ఆ మొహమాటం మీదే బతికే క్లినిక్కులున్నాయి. మీరు చూడాల్సింది ఎంఎస్ తర్వాత ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ, డీఎన్‌బీ గానీ ఉందా అని. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో పేరు నమోదై ఉందా అని. ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారని. చేసిన నెలకు కాదు, ఏడాదికి తీసిన ఫొటోలు, జుట్టు వెనక్కి కట్టి, పక్కనుంచి తీసినవి చూపించమనండి. ఖర్చు లక్షల్లో ఉంటుంది, అందం కోసం చేసే ఆపరేషన్లకు ఆరోగ్య బీమా ఇవ్వదు. చీటీ పాడో, గాజులు కుదువ పెట్టో తెచ్చే డబ్బయితే మళ్లీ ఆలోచించండి.

అమ్మా, పేరు రాయని ఉద్యోగినిగారూ! ఊరందరికీ చెప్పక్కర్లేదు. మీవారికి చెప్పండి. ఆయనకు చెప్పలేకపోతే అక్కకో, చెల్లికో చెప్పండి. ఆ రాత్రి మీ పక్కన వాళ్లుండాలి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు సినిమాతార ఫొటో వద్దు, మీ ఆల్బమ్ తీసుకెళ్లండి. పెళ్లినాటిది, పిల్లలు చిన్నప్పటిది, పదేళ్ల కిందటిది. ఆ ముఖాలు చూస్తేనే మీలో ఏది జారిందో, ఏది మొదటినుంచీ అంతేనో డాక్టరుకు తెలుస్తుంది. మొదటినుంచీ ఉన్నదాన్ని ఆయన ముట్టుకోకూడదు. చూసి "మీకిప్పుడు అక్కర్లేదమ్మా, ఇంకో అయిదేళ్లు ఆగండి" అన్నారనుకోండి, కోపం తెచ్చుకుని ఇంకో క్లినిక్కు మెట్లెక్కకండి. ఆయనకిచ్చిన ఫీజు వృథా పోలేదు.