ఎవరును పురమాయింపని పని

ఏటా సంక్రాంతి దాటినది మొదలుకొని హైదరాబాదు అమీరుపేటలో, మైత్రీవనము చుట్టుపట్ల గల సందులయందు, ఒక విచిత్రమైన వర్తకము ముమ్మరమగును. ఇంజనీరింగు చివరి సంవత్సరము చదువుచున్న విద్యార్థులు ముగ్గురు నలుగురు జట్లుగా వచ్చి, గోడలకు అంటించిన శీర్షికల పట్టికలనుండి ఒకదానిని ఎన్నుకొని, బేరమాడి, కొంత బయానా యిచ్చి వెళ్లుదురు; కొలది వారములలో ప్రోగ్రాము, దానిని వర్ణించు లావుపాటి నివేదిక, తెరపై చూపుటకు పీపీటీ, పరీక్షకుడు అడుగబోవు ప్రశ్నలకు సమాధానములు, సమస్తమును ఒక్క మూటగా వారి చేతికి వచ్చి చేరును. ఈ మూటకే వాడుకలో ప్రాజెక్టు అని పేరు. దానిని విద్యార్థి తన రెజ్యూమెలో స్వీయనిర్మాణముగా వ్రాసికొనును, ఉద్యోగమిచ్చువాడు నమ్మడు, నమ్మడని వ్రాసినవానికిని తెలియును. ఇరుపక్షములకును తెలిసిన అసత్యము ఒకటి ఇంతకాలము ఇంత నిర్విఘ్నముగా సాగుచుండుట వింతయే.

ఇందుకు విరుగుడుగా వినవచ్చు హితోపదేశము ఒకటి కలదు. స్వంతముగా ఏదైన ఒక పని తలపెట్టి, చేసి, గిట్‌హబ్బులోనో మరియొకచోటనో పదిమందికి కనబడునట్లు పెట్టినచో ఉద్యోగములు వాటంతట అవియే వెదకికొని వచ్చునట. కళాశాలలోని ప్లేస్‌మెంటు అధికారి, అమెరికానుండి సెలవులకు వచ్చిన పెదనాన్నగారి అబ్బాయి, యూట్యూబులో ప్రసంగించు యువకుడు, అందరిదియు ఒకే మాట. ఈ మాట అబద్ధము కాదు గాని, ఇందు చెప్పిన భాగముకంటె చెప్పక విడిచిన భాగము పెద్దది. స్వయంప్రేరితమైన పనియందు ఎదుటివానిని ఆకర్షించునది, ఆ పని చేయుటలో కర్త తానై తీసికొనిన నిర్ణయముల జాడ. ఆ జాడను చదువగల పాఠకుడొకడు ఎదుట లేనియెడల అది వ్యర్థము. అది ఏర్పడువఱకు కర్తకు తిండియు తీరికయు లేనియెడల అది అసంభవము. ఈ మూడింటిలో మొదటిదానిని మాత్రమే యువకుని నెత్తిన పెట్టి, తక్కిన రెండింటిని గుఱించి మౌనము వహించుటయే నేటి హితోపదేశములోని లోపము.

ఈ విషయమును విశదపఱచుటకు నెల్లూరికంటె తగిన చోటు నాకు తోచుట లేదు. 1910వ సంవత్సరము చివర, అప్పటి నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావుగారి యింటికి ఒక యువకుడు చిరిగిన నోటుపుస్తకమును చంకనిడుకొని వచ్చెను. కుంభకోణము ప్రభుత్వ కళాశాలలో గణితము తప్ప తక్కిన పాఠములను లెక్కచేయక విద్యార్థివేతనమును పోగొట్టుకొని, మదరాసు పచ్చయప్ప కళాశాలలో చేరియు ఎఫ్.ఏ. (ఫస్ట్ ఆర్ట్స్) పరీక్ష తప్పి, చేతిలో పట్టము లేక, యింట వివాహబాధ్యత మాత్రము కలిగి తిరుగుచుండిన ఆ యువకుడు శ్రీనివాస రామానుజన్. అతనికి గురువన్నవాడు లేడు. కార్ అను ఆంగ్లేయుడు పరీక్షార్థులకొఱకు వేలకొలది గణితఫలితములను గుదిగ్రుచ్చి కూర్చిన గ్రంథము పదునాఱేండ్లప్రాయమున చేతికి దొరుకగా, అందలి ఫలితములను తానే సాధించుకొనుచు, వానిని దాటి పోవుచు, దొరికినదెల్ల నోటుపుస్తకములలో ఎక్కించుకొనుచుండెను. కాగితము ప్రియమగుటచే లెక్కయంతయు పలకమీద చేసి, మోచేతితో తుడిచివేసి, తుదిఫలితమును మాత్రమే పుస్తకమున వ్రాయుట అతని యలవాటు. ఈ పనిని అతనికి పురమాయించినవారు లేరు. చేసినందుకు మార్కులు వేయువారును లేరు.

ఆనాటి సంభాషణమును గుఱించి రామచంద్రరావుగారు తరువాత వ్రాసినదానిని మన విద్యావేత్తలు మరల మరల చదువదగును. వచ్చినవాడు పుస్తకము విప్పి తన సిద్ధాంతములను చెప్పుకొనిపోగా, కలెక్టరుగారు గణితమందు మంచి పరిచయము కలవారై యుండియు, అతడు చెప్పుచున్నది నిజమో, నిరర్థకమో నిర్ణయింపలేకపోయిరి. ఐనను వెళ్లగొట్టలేదు, మరల రమ్మనిరి. మరల వచ్చినప్పుడు ఆ యువకుడు చేసిన పని గమనింపదగినది. ఎదుటివారి శక్తి ఎంతవఱకో కనిపెట్టి, తన ఫలితములలో సులభమైనవానిని ముందు చూపెను. అవి అచ్చుపుస్తకములకు మించినవని వారికి నమ్మకము కుదిరిన పిమ్మట క్రమముగా కఠినతరమైనవానికి వారిని నడిపించుకొని పోయి, తుదకు లోకమునకు అప్పటికి తెలియని సిద్ధాంతములకడ నిలిపెను. ఏమి కావలెనని వారు అడుగగా, పరిశోధన సాగించుకొనుటకు పొట్టకు చాలినంత యిప్పింపుమని అతడు కోరెను. నెలకు 25 రూపాయలు కలెక్టరుగారి స్వంత ధనమునుండి కొంతకాలము అందెను.

ఇందు నాకు ముఖ్యముగా తోచునది ఆ రెండవ సందర్శనము. అనర్ఘమైన పని చంకలో నుండియు మొదటిదినమున అది పలుకలేదు. ఎదుటివాని మెట్టుకు దిగివచ్చి చెప్పిన దినముననే పలికినది. తరువాత 1912 మార్చి 1 నుండి నెలకు 30 రూపాయల జీతముపై మదరాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా కుదిరినప్పుడును, అక్కడి ముఖ్య గణకుడైన నారాయణయ్యరుగారు రాత్రివేళల అతనితో కూర్చుండి పలకలమీద లెక్కలు చేయుచు, నీవు వేయు రెండు మెట్ల నడుమ నాకొఱకు పది మెట్లు వేయవలసినదని పట్టుపట్టెడివారని వారి కుటుంబమువారు చెప్పుకొనిరి. 1913 జనవరి 16న కేంబ్రిడ్జిలోని గణితజ్ఞుడు హార్డీకి వెళ్లిన ప్రఖ్యాతమైన లేఖ ఈ సాధన జరిగిన పిమ్మట వెళ్లినది. అంతకు ముందు అచ్చటనే వేఱు గణితజ్ఞులకు వ్రాసిన లేఖలు ఫలింపలేదు. హార్డీ గొప్పవాడగుటచేత గుర్తించెనని చెప్పి ఊరకొనుట తేలిక. తిరుక్కోయిలూరు డిప్యూటీ కలెక్టరు రామస్వామయ్యరు మొదలుకొని పోర్టు ట్రస్టు గణకునివఱకు ఒకరి చేతినుండి ఒకరి చేతికి ఆ నోటుపుస్తకమును అందించిన మధ్యవర్తుల వరుస లేనిచో, ఆ లేఖయే పుట్టియుండెడిది కాదు. గుమాస్తాపని అడుగవచ్చిన ఆ యువకుని చేతిలోని పుస్తకమును విప్పి చూచి, ఇతనిని రెవిన్యూ కచేరీలో కూలవేయుట తగదని తలంచి సిఫారసు లేఖలిచ్చి పంపిన రామస్వామయ్యరు భారత గణితసంఘ స్థాపకుడు. ఆ కాలపు దొరతనమును ఎన్నివిధముల నిందించినను, దాని కచేరీలలో అట్టి పాఠకులు కొందఱుండిరని ఒప్పుకొనక తప్పదు.

ఇట్టి వృత్తాంతములు ఇతర దేశములందును కలవు. లండనులో పుస్తకములకు అట్టలు కట్టు పనియందు శిష్యుడుగానుండిన ఫారడే, 1812లో హంఫ్రీ డేవీ యిచ్చిన నాలుగు ఉపన్యాసములను విని, పటములతో సహా విపులముగా వ్రాసికొని, తన చేతిపనితోనే అందముగా అట్ట కట్టి ఆయనకే పంపి, మరుసటి యేడు మార్చిలో రాయల్ ఇన్‌స్టిట్యూషనులో సహాయకుడుగా కుదిరెను. మన కాలమునకు వచ్చినచో, 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయమున చదువుచుండిన లైనస్ టోర్వాల్డ్స్ తాను క్రొత్తగా కొనిన కంప్యూటరు లోతుపాతులు తెలిసికొనగోరి, సరదాకు చేయుచున్న పనియని ప్రకటించి మొదలుపెట్టిన లినక్సు అను ఆపరేటింగు సిస్టము నేడు సెల్ ఫోనులనుండి సూపర్ కంప్యూటర్లవఱకు వ్యాపించియున్నది. అతనికి అమెరికాలో ఉద్యోగము లభించినది 1997లో. నడుమనున్న ఆ అయిదాఱేండ్లలో దేశదేశములనుండి అపరిచితులు పంపిన సవరణలను చదివి, మంచిని చేర్చుకొని, చెడ్డను నిర్మొగమోటముగా త్రోసిపుచ్చుటయందు అతడు సంపాదించిన వివేకము ఏ పట్టముచేతను రాదు.

ఐతే ప్రతిపనియు ఉద్యోగమునకే దారి తీయవలెనని భావించుట సంకుచితము. నల్లగొండ ప్రాంతపు చేనేత కుటుంబమున పుట్టి ఆఱవ తరగతితో బడి మానిన చింతకింది మల్లేశమునకు కావలసినది కొలువు కాదు. పోచంపల్లి పట్టుచీరలకు రంగు అద్దుటకు ముందు ఆసు పోయుట అను పని ఒకటి కలదు. అర్ధచంద్రాకారముగా నాటిన మేకుల వరుసకును, ఎదుటనున్న మేకునకును నడుమ దారమును వంతులవారీగా చుట్టుచు పోవలెను. ఒక్క చీరకు చేయి వేలకొలది మారులు అటునిటు ఆడవలెను. కన్ను దారమునుండి కదలరాదు. తల్లి లక్ష్మమ్మ భుజము నొప్పితో విలవిలలాడుట చూడలేక, 1992లో అతడు ఆ పని చేయు యంత్రమును తలపెట్టెను. చేసిన అప్పులకు తోడు ఊరివారి పరిహాసములు మీదపడెను. జీవనార్థమై హైదరాబాదులో విద్యుత్పనులు చేయుచుండగా, ఒక కర్మాగారమున కనబడిన వేఱొక యంత్రపు చలనము అతనికి చిక్కుపడియున్న తుదిముడిని విప్పెను. 1999లో యంత్రము పూర్తియైనది. 2017లో పద్మశ్రీ వచ్చినది. ఆసు యంత్రము ఎక్కడెక్కడ నడుచుచున్నదో అక్కడి స్త్రీల భుజములకు కలిగిన విశ్రాంతితో పోల్చినచో ఆ బిరుదము చిన్నదే.

ఇట్లే పర్లాకిమిడి బడిపంతులుగానుండి, ఎవరును అడుగకయే సవరభాష నేర్చి, దాని వ్యాకరణమును నిఘంటువును నిర్మించిన గిడుగు రామమూర్తిగారి కృషి దశాబ్దములు గడచిన పిదపగాని గ్రంథరూపమున వెలువడలేదు. (ఈ వ్యాసము నడచుచున్న శైలిని జీవితాంతము ఎదిరించిన ఆ మహనీయుని ఇట సాక్షిగా పిలుచుటకు నాకు కొంత జంకు లేకపోలేదు.)

ఇక తీరికను గుఱించి. మల్లేశమునకు అప్పులిచ్చినవారు, రామానుజనునకు 25 రూపాయలు పంపినవారు లేకున్నచో ఆ కథలు సగములోనే తెగిపోయెడివి. నేడు అనంతపురము జిల్లాలోనో ఆదిలాబాదులోనో ఒక కళాశాలలో చదువుచు, సాయంత్రము బస్సు తప్పిపోకుండ పరుగెత్తి, యింట వంటపనిలో తల్లికి సాయపడి, రాత్రి పదిగంటలకు పుస్తకము పట్టు బాలికను, నీకు స్వంత ప్రాజెక్టు ఏదియని అడుగువారు ఆమెకు ల్యాప్‌టాపు ఉన్నదో లేదో అడుగరు. ఉద్యోగమిచ్చువారు స్వంత కృషిని కొలబద్దగా చేసికొనినకొలదియు, తీరిక గల యింటి బిడ్డలు ముందునకును, లేనివారు వెనుకకును జరుగుట తప్పదు. మార్కుల కొలబద్దకు లోపములెన్ని యున్నను, పరీక్షనాడు అందఱకును మూడే గంటలు.

అందునను, 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడినది మొదలు పని స్వరూపమే మాఱినది. అమీరుపేటలో కొన్ని వారములు పట్టెడి మూట ఇప్పుడు ఒక్క రాత్రిలో, ఇంట కూర్చుండి, దాదాపు ఉచితముగా సిద్ధమగుచున్నది. పెండ్లికి అద్దెకు తెచ్చిన నగ వలె అది దూరమునుండి మెఱయును; తూకమునకు పెట్టిననాడే సంగతి తెలియును. ఆ యంత్రములను వాడరాదని నేననను. వాడకుండ ఎవరును ఉండబోరు. కాని తుదివస్తువును చూచి కర్తను అంచనా కట్టు పద్ధతి దీనితో అంతమైనట్లే. ఇక మిగిలినది నెల్లూరి పద్ధతి యొక్కటే: ఎదుట కూర్చుండబెట్టి, ఈ దారి ఏల పట్టితివి, ఆ దారి ఏల విడిచితివి, ఎచ్చట తప్పిపోతివి, ఈ భాగమును మార్చినచో ఏమగునో ఇప్పుడే మార్చి చూపుమని అడుగుట. చేసినవాడు తడబడుచునైనను చెప్పును. కొనినవాడు కంఠస్థము చేసిన సమాధానములు అయిపోగానే ఆగిపోవును. అడుగువానికిని పని తెలిసియుండవలెను. మొదటిదినము అర్థము కానప్పుడు, మరల రమ్మనునంత ఓర్పును ఉండవలెను.

మన కంపెనీల నియామక విధానము దీనికి సరిగా విపరీతము. ప్రాంగణ నియామకములకు వచ్చువారు మొదట అడుగునది పదవ తరగతినుండి బీ.టెక్. వఱకు అన్నింటను ఇంత శాతము తగ్గరాదని, బ్యాక్‌లాగులు ఉండరాదని. వేలమందిని రెండు దినములలో వడపోయవలసినవారికి వేఱొక జల్లెడ దొరుకక పోవచ్చును. వారి యిబ్బందిని నేను కాదనను. ఐనను ఎఫ్.ఏ. తప్పినవాడు ఆ ద్వారముననే నిలిచిపోవును. అతని చంకలోని పుస్తకమును విప్పువారుండరు.

విశ్వవిద్యాలయముల బాధ్యత ఇంతకంటె ఎక్కువ. మన ఇంజనీరింగు పాఠ్యక్రమమున ప్రాజెక్టుయొక్క ప్రధానభాగము నాలుగవ సంవత్సరపు రెండవ అర్ధభాగమున వచ్చును. ప్రాంగణ నియామకములేమో చాల కళాశాలలలో ఆ సంవత్సరపు మొదటి అర్ధభాగముననే మొదలై, మంచివి ముగిసియు పోవును. అనగా విద్యార్థి నైపుణ్యమునకు సాక్ష్యముగా నిలువవలసిన పని, తీర్పు వెలువడిన పిదప దాఖలగుచున్నది. ఉద్యోగము వచ్చినవానికి దానితో పని లేదు. రానివానికి దానివలన ప్రయోజనము లేదు. కనుక ఇరువురును కొనుక్కొందురు. దీనిని విద్యార్థుల నీతిలోపమని చెప్పి వదలివేయుట అన్యాయము. పనిని రెండవ సంవత్సరమునకు జరిపి, దానికై వారమునకు ఒక పూట కాలపట్టికలో కేటాయించి, ప్రయోగశాలలను రాత్రి తొమ్మిదివఱకు తెఱచియుంచి, శీర్షికను విద్యార్థియే తన ఊరిలోనో యింటిలోనో కనబడిన అవసరమునుండి ఎన్నుకొనునట్లు చేసి, వైవా పరీక్షకుడు ఒక్కొక్క జట్టునకు ఒక పూటయైన వెచ్చించునట్లు నియమించినచో, మొదటి యేట పనులలో అధికభాగము నాసిరకముగానే యుండును. నాసిరకపు పనిని చదివి, దిద్ది, మరల తెమ్మనగల అధ్యాపకులు ఎందఱున్నారో లెక్క తీసికొనుట రెండు తెలుగు రాష్ట్రముల విద్యాశాఖలును మొదట చేయవలసిన పని; ఆ లెక్క తేలకుండ నైపుణ్య కేంద్రములకు ఎన్ని భవనములు కట్టించినను, అందు కూర్చుండి నోటుపుస్తకము విప్పువారు కావలసియే యుందురు.