జోగిని కథకు వేదికేదీ?

రష్యన్ నృత్యదర్శకుడు బోరిస్ ఐఫ్‌మన్ 1997లో ‘రెడ్ జిజెల్’ బ్యాలే కట్టాడు. ‘జిజెల్’ అనే పాత బ్యాలేలో మతి చలించే పల్లెపిల్లగా పేరు తెచ్చుకుని, రష్యా విడిచిపోయి, అమెరికాలో దాదాపు ఇరవై ఏళ్లు మానసిక ఆసుపత్రిలో మగ్గిన ఓల్గా స్పెసివ్‌త్సెవా బతుకది. మనవాళ్లేమో నృత్యరూపకం అనగానే సత్యభామ జడ దగ్గరికే పోతారు. మా ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలోనే దేవుడి పేరున పెళ్లి చేసి, జాతరలోనూ పీనుగు ముందూ ఆడించిన జోగినులున్నారు. సంఘసంస్కర్త హేమలతా లవణం వాళ్ల మధ్య పనిచేశారు. 1988లో నిషేధ చట్టమూ వచ్చింది. కాళ్లకు గజ్జెలు, మొహాన పసుపు, వెనక ఊరి పెద్దల చూపు... ఇంతకన్నా కథేం కావాలి? రామారెడ్డి ఊళ్లో కాలభైరవుడి ఉత్సవాలకు వేదిక కట్టేవాళ్లు ఒక్క రాత్రి దీనికివ్వాలి. కొందరు పెద్దమనుషులు మధ్యలో లేచిపోతారు. పోనీ!