అజమాయిషీ అంటే అదిలింపు కాదు

సార్వా నాట్ల రోజుల్లో తెనాలి, బాపట్ల, రేపల్లె పల్లెల్లో ఒక సంగతి అందరికీ తెలిసిందే. కూలి రేటు ఒకటే అయినా కొందరు రైతులకు ముఠాలు అడగ్గానే దొరుకుతాయి. మరికొందరికి నాలుగు ఊళ్లు తిరిగినా దొరకవు. సాయంత్రం గట్టు మీదే కూలి లెక్కపెట్టి ఇచ్చేది ఎవరో, మూడు రోజులు ఇంటి చుట్టూ తిప్పేది ఎవరో, ఎండలో మంచినీళ్లు పంపేది ఎవరో, నిలబడి నోరు పారేసుకునేది ఎవరో కూలీలకు బాగా తెలుసు. పని ఎలా సాగుతుందన్నది కూలి రేటు ఒక్కటే తేల్చదు. చేయించేవారి తీరు కూడా తేలుస్తుంది.

ఇది పొలానికి మాత్రమే చెందిన మాట కాదు. రొయ్యల చెరువుకు, రైసు మిల్లుకు, బస్సు డిపోకు, గ్రామ సచివాలయానికి కూడా వర్తిస్తుంది. అయినా అజమాయిషీ అంటే గట్టిగా అరవడం, నలుగురిలో నిలదీయడం అన్న అపోహ మన ప్రాంతంలో ఇంకా పోలేదు. ఆ అపోహకు ఒక్కోసారి ప్రాణాలే మూల్యమవుతాయి.

2021 జూలై చివర రేపల్లె మండలం లంకెవానిదిబ్బలో రొయ్యల చెరువు దగ్గర పనిచేసే ఆరుగురు ఒడిశా కూలీలు ప్రమాదంలో మరణించారు. 2025 ఆగస్టు 3న అప్పటి బాపట్ల జిల్లాలోని బల్లికురవ వద్ద గ్రానైట్ క్వారీలో బండరాళ్లు విరిగిపడి మరో ఆరుగురు మరణించారు. వారు కూడా ఒడిశా నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవారే. ఈ రెండు దుర్ఘటనల్లో ఎవరి బాధ్యత ఎంతో తేల్చవలసింది విచారణలే. అయితే పని పెట్టే ప్రతివారూ తమను తాము అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. మన చెరువు దగ్గర కూలీ ఎక్కడ పడుకుంటున్నాడు? ఆ పాకలోని కరెంటు తీగలను ఎవరైనా చూశారా? మోటారు షాకు కొడుతోందని, రాయి వదులుగా ఉందని చెబితే వినే నాథుడున్నాడా? చెబితే పని పోతుందన్న భయం ఉన్నచోట ప్రమాదం ముందే కనిపించినా ఎవరూ నోరు విప్పరు. భాష రాని వలస కూలీ అసలే విప్పడు.

ఇందుకు విరుద్ధంగా నడచిన పెద్ద సంస్థలు లేకపోలేదు. 1987లో అమెరికాలోని ఆల్కోవా అనే అల్యూమినియం కంపెనీకి పాల్ ఓనీల్ అధిపతిగా వచ్చాడు. లాభాల సంగతి చెబుతాడని ఎదురుచూసిన మదుపరులకు, కార్మికుల భద్రతే తన మొదటి లక్ష్యమని చెప్పాడు. ఎవరికైనా దెబ్బ తగిలితే ఒక్క రోజులోగా తనకు తెలియాలని, మళ్లీ జరగకుండా ఏం చేస్తారో కూడా చెప్పాలని నియమం పెట్టాడు. దెబ్బ ఎందుకు తగిలిందో తెలియాలంటే యంత్రం దగ్గర నిలబడే మనిషిని అడగక తప్పదు. అలా అడిగే కొద్దీ పనిలోని లోపాలు, వృథా కూడా బయటపడ్డాయి. 1990 దశకం ముగిసేసరికి ఆ కంపెనీలో గాయాలు బాగా తగ్గాయి, లాభాలు అనేక రెట్లు పెరిగాయి.

మాటకు విలువ లేనిచోట పనిచేయడం ఆరోగ్యానికీ చేటే. బ్రిటన్‌లో ప్రభుత్వోద్యోగులపై 1967లో మొదలుపెట్టిన పరిశీలనలో, పై అధికారులకన్నా కింది ఉద్యోగులే గుండెజబ్బుతో ఎక్కువగా మరణిస్తున్నట్టు తేలింది. పొగతాగడం వంటి అలవాట్లను లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా పోలేదు. 1985లో మొదలైన రెండో పరిశీలనలో, తాము చేసే పని మీద తమ మాట చెల్లనివారికి ఈ ముప్పు ఎక్కువని కనిపించింది.

దీనితో పల్లె ప్రజలకేమి సంబంధమని అనుకోరాదు. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాలనే చూడండి. ఉదయం పై అధికారి చేత నలుగురిలో మాటలు పడిన ఉద్యోగి, మధ్యాహ్నం సర్టిఫికెట్ కోసం వచ్చిన రైతుతో నిదానంగా మాట్లాడతాడని ఆశించగలమా? అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, పైనుంచి వచ్చిన విసురు చివరకు మన మీదే పడుతుంది.

మెతకగా ఉంటే నెత్తికెక్కుతారని కొందరి వాదన. ఈ వాదనను తోసిపుచ్చనక్కరలేదు. పనిలో కట్టుదిట్టం ఉండాల్సిందే. కాని కట్టుదిట్టం వేరు, దురుసుతనం వేరు. తన బంధువుకు ఒక కొలత, పరాయివాడికి ఒక కొలత పెట్టే మేస్త్రీ ఎంత అరిచినా ముఠాలో అతని మాట చెల్లదు. అందరికీ ఒకే నియమం పెట్టి, తప్పు జరిగితే పక్కకు పిలిచి చెప్పి, ముందుగా పనిముట్టు బాగుందో లేదో చూసే మేస్త్రీకి అరవవలసిన అవసరమే రాదు.

ఆడవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2013 నాటి చట్టం ప్రకారం పదిమంది లేక అంతకు మించి పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా తక్కువ మంది ఉన్నచోట జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేసుకోవచ్చు. వేధింపు జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వాలి. రొయ్యలు వలిచే షెడ్డులో పనిచేసే మహిళకు ఈ సంగతి తెలియజెప్పవలసింది యాజమాన్యమే. తెలియజెప్పారో లేదో చూడవలసింది అధికారులు.

2022 ఏప్రిల్‌లో జరిగిన విభజనతో తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది, బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. జిల్లాలు రెండైనా సమస్య ఒకటే. రెండు జిల్లాల కార్మిక శాఖాధికారులు ప్రమాదం జరిగిన తర్వాత రావడం కాక, ముందే చెరువుల మీది పాకలను, క్వారీలను, షెడ్లను తనిఖీ చేయాలి. కూలీలను యజమాని ఎదుట కాక విడిగా, వారి భాష తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని విచారించాలి. యజమానులు, మేస్త్రీలు మాత్రం ఏ తనిఖీ కోసమూ ఎదురుచూడనక్కరలేదు. రేపు ఉదయం పని మొదలుపెట్టే ముందు, ఇక్కడ మీకు భయంగా ఉన్నదేమిటని కూలీలను అడిగి, చెప్పినదాన్ని ఆ రోజే సరిచేస్తే చాలు.