మా అమ్మమ్మ మంచుని చూడలేదు

పోయిన సెమిస్టర్‌లో మన క్లబ్ కోసం అమ్మమ్మ మీద ఒక కథ రాశాను. "ఆమె జుట్టు మంచులా తెల్లగా మెరిసింది" అన్నది మొదటి వాక్యం. బాగా వచ్చిందనుకుని ఫోన్లో ఆమెకే చదివి వినిపించాను.

"మంచు అంటే ఏందిరా, పొద్దున్నే చేల మీద పడేదా? అది తెల్లగా ఎక్కడ మెరుస్తది?" అంది.

నేను చెప్పింది హిమం గురించి. అది ఆమే కాదు, నేనూ చూడలేదు. ఇంగ్లిష్ మీడియం రీడర్లలో చదివిన పోలిక అది. తెలుగు అక్షరాల్లో రాస్తే తెలుగైపోతుందనుకున్నా.

"మరి నీ జుట్టు ఎట్టా ఉందంటావు?" అని అడిగా. కాసేపు ఆగి, "ఆఖరి తీతలో చేలో వదిలేసిన పత్తిలా ఉందిలేరా" అంది.

మాది పత్తి పండే ఊరు. ఆఖర్లో అక్కడక్కడా మిగిలిన పత్తి కోసం కూలీ పెట్టినా గిట్టుబాటు కాదని చాలామంది వదిలేస్తారు.

స్కూల్లో ఉపమాలంకారం మార్కుల కోసం చదివాం. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. నాలుగూ ఉంటే పూర్ణోపమ, ఏదైనా లోపిస్తే లుప్తోపమ. నా వాక్యంలో నాలుగూ ఉన్నాయి. జుట్టు, మంచు, తెల్లదనం, "లా". మార్కులు పడతాయి, కానీ అందులో అమ్మమ్మ లేదు. ఆమె మాటలో సమానధర్మమే లేదు. తెలుపా? ముసలితనమా? లేక అందరూ సిటీకి వెళ్లిపోయాక ఊళ్లో ఒక్కతే మిగిలిపోవడమా? అది నేనే వెతుక్కోవాలి. వెతుక్కుంటుంటే, ఫోన్ చేసి ఎన్నాళ్లయిందో గుర్తొచ్చింది.

అందుకే నా అభిప్రాయం ఇది. అలంకారం అంటే నగ అనుకుని కథ మొత్తం దిగేయడం తప్పు. పోలిక పాత్ర బతుకులోంచి రావాలి. అలాగని పొలాలూ ఎడ్లబండ్లే తెలుగుతనం అని కూడా నేను అనను. కథలో హీరో మన హాస్టల్ కుర్రాడైతే, అతని ఆలోచన బఫరింగ్ అవుతున్న వీడియోలా ఆగిపోవచ్చు. అది వాడి లోకం. అదే పోలిక అమ్మమ్మకి పెడితే మళ్లీ మంచు కథే.

ఇప్పుడు కథ పూర్తయ్యాక ఫైల్లో "లా" అని సెర్చ్ చేస్తున్నా. "అలా", "ఎలా" కూడా వస్తాయి, పర్లేదు. దొరికిన ప్రతి పోలిక దగ్గరా ఒకటే ప్రశ్న: ఈ మాట ఈ మనిషి అంటుందా? అనదంటే డిలీట్. మొదటి కథలో రెండు పేజీలకి పదకొండు పోలికలున్నాయి. ఇప్పుడు ఒక్కటే మిగిలింది.

అది కూడా నాది కాదు. అమ్మమ్మది.