తుపాకి నిజం, యుద్ధం అబద్ధం

వాస్తవికత అనే మాట కోసం అభ్యుదయ రచయితలు ఏళ్ల తరబడి వాదించారు. ఉన్నదానికి నకలు తియ్యటం వాస్తవికత కాదనీ, కంటికి కనిపించేదాని వెనకనున్న మానవ సంబంధాలను పట్టి ఇవ్వటమే వాస్తవికత అనీ ఆ వాదాలలో తేలింది. తేలిన మాటను మళ్లీ మొదటికి తెచ్చే ప్రయత్నం ఇప్పుడొకటి జరుగుతున్నది. యుద్ధాన్ని వస్తువుగా తీసుకున్న వీడియో గేములను గురించి రాసేవాళ్లు, తుపాకులు అచ్చం అసలువాటిలాగే ఉన్నాయి గనక ఇవి వాస్తవిక సృష్టులేనని తీర్పులిస్తున్నారు. ఈ తీర్పును నేను ఒప్పుకోను. తుపాకి ఎంత నిజమో యుద్ధం అంత అబద్ధం కావడానికి వీలుంది. ఈ ఆటలలో జరుగుతున్నది అదే.

పిల్లలాటల మీద విమర్శ పత్రికలో వ్యాసమేమిటని కొందరు ముక్కుమీద వేలేసుకోవచ్చు. సినిమా వచ్చిన కొత్తలోనూ పెద్దలు ఇలాగే అన్నారు. రెండవ ప్రపంచ యుద్ధాన్ని అనుభవించినవాళ్లు దాదాపు అందరూ వెళ్లిపోయారు. మన పాఠ్యపుస్తకాలలో ఆ యుద్ధానికి దక్కేది కొద్ది పేజీలు. మిగిలిన చరిత్రను మన యువకులు చాలామంది ఈ తెరమీదనే చదువుకుంటున్నారు. చరిత్ర చెప్పే పనిని ఒక వినోద పరిశ్రమ తన చేతిలోకి తీసుకున్నాక, అది ఏం చెబుతున్నదో అడిగే హక్కు విమర్శకుడికి ఉంది.

'కంపెనీ ఆఫ్ హీరోస్' అనే ఆటల వరసను ఉదాహరణగా తీసుకుంటాను. కెనడాలోని వాంకూవర్ నగరంలో ఉన్న రెలిక్ సంస్థ దీన్ని తయారుచేసింది. 2006లో వచ్చిన మొదటి ఆట నార్మండీ యుద్ధాన్ని గురించినది. 2013లో వచ్చిన రెండవది జర్మనీకీ సోవియట్ యూనియన్‌కూ జరిగిన పోరును గురించినది. 2023లో వచ్చిన మూడవది ఇటలీ, ఉత్తర ఆఫ్రికా రంగాలను చూపిస్తుంది. ఈ జాతి ఆటలలో ఇది ఉత్తమమైనదని ఆడేవాళ్లు అంటారు. అందుకే దీన్ని ఎంచుకున్నాను. చెత్తను విమర్శించి గెలవటం గెలుపు కాదు.

ఆయుధాల విషయంలో వీళ్లు పడిన శ్రమను కాదనను. సోవియట్ సైనికుడి చేతిలో మొసిన్-నగాంత్ రైఫిల్ ఉంటుంది. దాడి దళంవాళ్ల చేతిలో గుండ్రటి డబ్బీ ఉన్న పీపీఎస్‌హెచ్-41 ఉంటుంది. జర్మన్ సిపాయి కారబినర్ 98 పట్టుకుంటాడు. ఎంజీ-42 మరతుపాకి గుడ్డ చింపినట్టు మోగుతుంది, దాని ఎదట పడిన దళం నేలకు కరుచుకుపోతుంది. వస్తువు రూపమూ చప్పుడూ ఇంత జాగ్రత్తగా పట్టుకున్నవాళ్లు ఒక్క ప్రశ్నను మాత్రం దగ్గరకు రానివ్వలేదు. ఈ తుపాకి ఎక్కణ్ణించి వచ్చింది?

ఆటలో ఈ ప్రశ్నకు విచిత్రమైన జవాబుంది. ఆడేవాడి ఖజానాలో మూడే ఉంటాయి: మనుషులు, మందుగుండు, ఇంధనం. మనుషులు నిమిషానికింత చొప్పున వాటంతటవే ఊరుతారు. ఒక చోట జెండా పాతితే ఆ నేలలోంచి మందుగుండు పుడుతుంది. చాలినంత పోగైతే మీట నొక్కి మంచి తుపాకి కొనుక్కోవచ్చు. మరతుపాకి నడిపేవాళ్లందరూ చచ్చినా తుపాకి అక్కడే మిగులుతుంది, మరో దళం వచ్చి దాన్ని అందుకోవచ్చు. మనిషి ఖర్చు, తుపాకి ఆస్తి. ఇది కేవలం ఆట నియమమని అంటారు. నియమమే దృక్పథం. మనిషినీ ఇంధనాన్నీ ఒకే లెక్కలో రాసే పుస్తకం షావుకారు పుస్తకం, చరిత్ర పుస్తకం కాదు.

పీపీఎస్‌హెచ్ సంగతే చూద్దాం. దాన్ని రూపొందించిన గియోర్గీ ష్పాగిన్ రైతు కుటుంబంలో పుట్టినవాడు. 1940 డిసెంబరులో ప్రభుత్వం ఆ తుపాకిని ఆమోదించింది. అంతకుముందున్న దెగ్త్యారోవ్ తుపాకికి సుమారు 14 గంటల యంత్రపు పని పట్టేది. ష్పాగిన్ భాగాలను చాలావరకు రేకులోంచి అచ్చుగుద్ది, అతుకుపెట్టి, పనిని దాదాపు సగానికి దించాడు. నేర్పరి పనివాడు దొరకని చోట కూడా దాన్ని తయారుచెయ్యవచ్చు. అదే దాని అసలు గుణం. నిమిషానికి తొమ్మిది వందల తూటాలు పేలుస్తుందన్నది ఆ తర్వాతి మాట.

ఈ గుణం ఎందుకు అవసరమైంది? 1941లో హిట్లర్ సేనలు దూసుకు వస్తుంటే జులై నుంచి నవంబరు లోపల 1,523 పరిశ్రమలను విప్పి, రైళ్లకెత్తి, తూర్పుకు తరలించారు. కిరోవ్ ప్రాంతంలోని వ్యాత్స్కీయే పొల్యానీ అనే చిన్న ఊళ్లో నూలు కండెలు చేసే కర్మాగారం ఒకటుంది. ష్పాగిన్ అక్కడికే చేరాడు. కండెలు చేసినచోటనే యుద్ధకాలంలో 20 లక్షలకు మించి తుపాకులు తయారైనాయి. అటువంటి చోట్ల యంత్రాల దగ్గర నిలబడింది చాలావరకు ఆడవాళ్లూ, మీసాలు రాని పిల్లలూ. అదంతా స్వర్గమని నేను చెప్పబోవటం లేదు. చలి, ఆకలి, పని వదిలిపోతే శిక్ష — ఇవన్నీ ఉన్నాయి. కాని తుపాకి వెనక ఒక జాతి మొత్తం నిలబడి ఉంది. యుద్ధం ముగిసేసరికి దేశంలో సుమారు 60 లక్షల చేతి మరతుపాకులు తయారైనాయి. 1942 ఒక్క ఏడాదిలోనే దాదాపు 15 లక్షలు.

మరి ఆట ఏం చేసింది? మామూలు సిపాయికి పీపీఎస్‌హెచ్‌ను ప్రత్యేకంగా కొని ఇవ్వవలసిన సౌకర్యం చేసింది. కోట్ల చేతులు కలిసి తయారుచేసిన వస్తువు సేనాధిపతి దయవల్ల దొరికే బహుమతి అయింది. ఆ తుపాకి మీద ఒక్క మరచుట్టును కూడా వీళ్లు తప్పు వెయ్యలేదు. దాని చరిత్రను మాత్రం తలకిందులు చేశారు.

ఇక మనుషుల సంగతి. సోవియట్ సైనికులంటే తుపాకి లేని మంద అనీ, వెనకనుంచి తమవాళ్లే కాలుస్తుంటే ముందుకు పరిగెత్తేవాళ్లనీ ఒక బొమ్మ ప్రచారంలో ఉంది. 2001లో వచ్చిన 'ఎనిమీ ఎట్ ది గేట్స్' సినిమా దాన్ని ప్రపంచానికంతటికీ చూపింది, 2003లో 'కాల్ ఆఫ్ డ్యూటీ' అనే మరో ఆట దాన్ని అందిపుచ్చుకుంది. 'కంపెనీ ఆఫ్ హీరోస్ 2' ఆ బొమ్మను ఏకంగా నియమం చేసింది. కథాభాగంలో వెనక్కి తగ్గిన దళాన్ని దాని అధికారులే కాల్చే ఘట్టాలున్నాయి. దానికి 227వ నెంబరు ఉత్తర్వును సాక్ష్యంగా చూపిస్తారు.

ఆ ఉత్తర్వు కల్పన కాదు. 1942 జులై 28న స్టాలిన్ దాన్ని జారీచేశాడు. అది క్రూరమైన ఉత్తర్వు, దాన్ని సమర్థించటం నా పని కాదు. రైఫిళ్ల కొరత కూడా నిజమే. 1941లో పౌరదళాలకు అక్కడా ఇక్కడా ఏరిన పాత తుపాకులు ఇచ్చి పంపారు. అయితే అసలు లెక్కలు కూడా చూడాలి. 1942 ఆగస్టు 1 నుంచి అక్టోబరు 15 వరకు అడ్డు దళాలు ఆపినవాళ్లు 1,40,755 మంది. వాళ్లలో కాల్చబడినవాళ్లు 1,189 మంది. తిరిగి తమ తమ దళాలకూ, మజిలీలకూ పంపబడినవాళ్లు 1,31,094 మంది. ఆ పదకొండు వందల ఎనభై తొమ్మిది మందినీ మరిచిపొమ్మని నేననను. కాని అక్కడ జరిగినదానిలో ఒక పాలును మొత్తంగా చూపి, మిగతాదాన్ని కనపడకుండా చెయ్యటం వాస్తవికత కాదు. స్టాలిన్‌గ్రాడ్ ఇళ్లలో గదిగదికీ పోరాడిన చిన్న దాడి గుంపులు మంద కావు. మందలు బెర్లిన్ చేరవు. యుద్ధంలో చనిపోయిన సుమారు 2 కోట్ల 70 లక్షల సోవియట్ ప్రజలను వాళ్ల నాయకుల క్రౌర్యానికి మాత్రమే సాక్ష్యంగా నిలబెడితే, వాళ్లను చంపింది ఎవరన్న ప్రశ్న పక్కకు జరిగిపోతుంది.

2013లో రష్యాలో ఈ ఆటను పంచే సంస్థ, కొనుగోలుదారుల ఆగ్రహం చూసి అమ్మకం ఆపేసింది. నేను వాళ్ల పక్షమూ కాదు. అబద్ధానికి మందు నిషేధం కాదు, వాదం. దేశ గౌరవానికి భంగం వచ్చిందనేవాళ్ల బాధ వేరు, నా బాధ వేరు. భంగం వచ్చింది సత్యానికి.

జర్మన్ ఆయుధాలవైపు చూస్తే ఈ సత్యభంగం ఇంకా స్పష్టమవుతుంది. కారబినర్ 98ను ఎంతో అందంగా చూపించారు. కాని ఆ రైఫిల్‌ను తయారుచేసిన సంస్థలలో గుస్ట్‌లాఫ్ ఒకటి. సుల్ పట్టణంలో సిమ్సన్ అనే యూదు కుటుంబం దగ్గరనుంచి నాజీలు గుంజుకున్న కర్మాగారం దానికి పునాది. 1943 నుంచి ఆ సంస్థ బూఖెన్‌వాల్ట్ నిర్బంధ శిబిరం పక్కనే ఒక కర్మాగారం నడిపింది. ఖైదీలు అక్కడ రైఫిళ్లు చేశారు. 1944 ఆగస్టు 24న అమెరికన్ విమానాలు దానిమీద బాంబులు వేసినప్పుడు ఖైదీలూ వందల సంఖ్యలో చచ్చిపోయారు. ఆ శిబిరంలో రహస్యంగా పనిచేసిన ప్రతిఘటన దళం కొన్ని రైఫిళ్లను సంపాదించి దాచింది. 1945 ఏప్రిల్ 11న అమెరికన్ సేనలు దగ్గరకు రాగా ఎస్.ఎస్. మూకలు పారిపోతుంటే, ఆ ఆయుధాలతోనే ఖైదీలు కావలి బురుజులు స్వాధీనం చేసుకున్నారు.

ఒక రైఫిల్ వెనక ఇంత కథ ఉంది: దొంగిలించిన కర్మాగారం, బానిస చాకిరీ, దాచిపెట్టిన తుపాకి, తిరుగుబాటు. ఏ నవలాకారుడైనా దీనికోసం ప్రాణం పెడతాడు. ఆటకు మాత్రం రైఫిల్ చెక్క రంగు చాలింది. ఇందువల్ల నష్టం ఎవరికి? రెండు పక్షాల తుపాకులనూ వాటి పుట్టుకనుంచి తెంచి బల్లమీద పక్కపక్కన పెట్టినప్పుడు, ఫాసిజం ఒక యూనిఫారం రంగుగా మాత్రమే మిగులుతుంది. ఆడేవాడు ఇవాళ ఇటు, రేపు అటు.

మూడవ ఆటలో మనవాళ్లకు కూడా చోటిచ్చారు. బ్రిటిష్ సేన పక్షాన ఆడేవాడు 'ఇండియన్ ఆర్టిలరీ' అనే ఏర్పాటును ఎంచుకోవచ్చు. పిలిస్తే గూర్ఖాలు వస్తారు. మన మిత్రులు కొందరు దీనికి పొంగిపోయారు. ఇన్నాళ్లకు మన సిపాయి తెరమీదికి వచ్చాడట! వచ్చాడు, మీటగా వచ్చాడు. ఆ యుద్ధంలో సుమారు 25 లక్షలమంది భారతీయులు బ్రిటిష్ జెండా కింద పనిచేశారు. 1944లో కసీనో కొండలమీద నాలుగవ భారత డివిజన్ నెత్తురోడ్చింది. ఆ డివిజన్ వెంట మద్రాసు శాపర్లున్నారు. తెలుగు జిల్లాలు కూడా ఆ శాపర్ల దళానికి మనుషుల్ని ఇచ్చినవే. వాళ్లు ఎవరి స్వేచ్ఛ కోసం పోరాడారు, తమ స్వేచ్ఛ ఎవరి చేతిలో ఉండగా పోరాడారు అన్న ప్రశ్నకు ఆటలో మీట లేదు.

ఇక్కడ కూడా తుపాకి వెనక కథ ఉంది. భారత సైనికులు పట్టిన లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లు కలకత్తాకు ఎగువన హుగ్లీ ఒడ్డునున్న ఇషాపూర్ కర్మాగారంలో తయారైనాయి. ఇషాపూర్ ఉన్నది బెంగాల్‌లో. 1943లో బెంగాల్ కరువు సుమారు 30 లక్షలమందిని పొట్టన పెట్టుకుంది. రైఫిల్ తయారీ ఆగలేదు. గంజి మాత్రం దొరకలేదు. ఒకే రాష్ట్రంలో, ఒకే సంవత్సరంలో తుపాకికి ఉక్కు సమకూర్చగలిగి, మనిషికి మెతుకు సమకూర్చలేకపోయిన పాలనను సామ్రాజ్యవాదం అంటారు. ఆ రైఫిల్‌ను ఇది లేకుండా చూపించటం సగం నిజమైనా కాదు.

"ఆటలో ఇవన్నీ ఎలా పెడతారు? ఆట ఆటే గదా" అని మా మేనల్లుడు నాతో వాదించాడు. ఈ ఆటలు బాగా ఆడేవాడు, తెలివైనవాడు, అతని మాటకు జవాబు చెప్పాలి. చదరంగం ఆటే. ఏనుగు ఎక్కడ పుట్టిందని దాన్ని ఎవరూ అడగరు. ఎందుకంటే అది చరిత్రనని చెప్పుకోదు. తుపాకి మరచుట్టు దగ్గర్నుంచి నిజమేనని చాటుకుని, మిగతాచోట 'ఉత్త ఆట' అని తప్పుకుంటే కుదరదు. సాధ్యం కాదన్న మాట కూడా చెల్లదు. 2014లో పోలండ్‌లో 'దిస్ వార్ ఆఫ్ మైన్' అనే ఆట చేశారు. సరాయెవో ముట్టడి దానికి ప్రేరణ. అందులో ఆడేవాడు సేనాపతి కాడు. పగిలిన ఇంట్లో తిండికీ మందుకూ వెతుక్కునే మామూలు మనిషి. ఒక ముసలివాళ్ల ఇంట్లో దొంగతనం చేస్తే ఆ దొంగతనం అతన్ని తర్వాత కూడా వెన్నాడుతుంది. ఆ ఆటలోనూ తుపాకులున్నాయి. తుపాకి ఖరీదు కూడా ఉంది. కనక లోటు కళారూపంలో లేదు.

ఇంగ్లండులో లైన్స్ బ్రదర్స్ అనే ప్రసిద్ధ ఆటబొమ్మల కంపెనీ ఉండేది. యుద్ధం వచ్చినప్పుడు అది స్టెన్ తుపాకులు చేసింది. బొమ్మలు చేసే చేతులు తుపాకులు చెయ్యవలసి రావడం ఆనాటి అవసరం. ఇప్పుడు తుపాకులు బొమ్మలై తిరిగి వచ్చాయి. వచ్చేటప్పుడు వాటిని చేసిన చేతులను దారిలో వదిలేసి వచ్చాయి.

మనం ఈ ఆటలు ఆడవద్దనటం వృథా, అనుచితం కూడా. చెయ్యవలసిన పని వేరే ఉంది. తుపాకి నిజమేనని మెచ్చుకుని ఊరుకునే విమర్శను విమర్శ అనటం మానెయ్యాలి. దాన్ని ఎవరు చేశారు, ఎవరి ఆజ్ఞమీద చేశారు, ఏమి తిని చేశారు, అది ఎవరివైపు తిరిగింది — ఈ నాలుగు ప్రశ్నలూ ఆటను ముందు పెట్టుకుని అడగాలి. జవాబు చెప్పగల ఆటను నేను సంతోషంగా వాస్తవిక సృష్టి అంటాను. చెప్పలేని ఆటలో ఉన్నది ఆయుధాల కొట్టు కేటలాగు. కేటలాగులో ధరలు నిజమే అయివుంటాయి. దాన్ని చరిత్ర అని ఎవరూ పొరబడకుండా చూడటం మన పని.