ధ్రువానికి దారి టిక్కెట్టొక్కటేనా?

నేడు డబ్బున్నవారికి అంటార్కిటికా ఖండం కూడా విహారస్థలమై కూర్చుంది. అర్జెంటీనా కొసనున్న ఉషుయాయా రేవులో ఓడెక్కితే డ్రేక్ జలసంధి దాటి రెండు రోజుల్లో మంచుకొండలు కనిపిస్తాయి. 1966లో లిండ్‌బ్లాడ్ అనే ఆయన కొద్దిమందితో ప్రారంభించిన ఈ యాత్రలకు 2023-24 సీజనులో లక్షమందికి పైగా వెళ్ళారు. టిక్కెట్టు లక్షల్లోనే! మా బుచ్చిరెడ్డిపాలెం మాగాణిలో ఎన్ని పంటలు పండితే ఆ డబ్బవుతుందో మీరే లెక్క కట్టండి.

"వాళ్ళ డబ్బు, వాళ్ళ సరదా, మనకేం?" అంటారు కొందరు. ఆ మాట నేనొప్పుకోను. ఒకచోట ఒకేసారి నూరుమందికి మించి దిగరాదనీ, 500 మందికి మించి ప్రయాణికులున్న ఓడ నుండి ఎవరినీ దించరాదనీ నిబంధనలున్న మాట నిజమే. అయినా 2007 నవంబరులో 'ఎక్స్‌ప్లోరర్' అనే యాత్రానౌక మంచును ఢీకొని అక్కడే మునిగింది. మనుషులు బతికి బయటపడ్డారు గానీ ఓడలోని డీజిలు సముద్రం పాలైంది. పైగా ఆ ఖండపు మంచు కరిగితే పొంగే సముద్రం మన మైపాడు ఒడ్డును విడిచిపెడుతుందా?

అయితే మనవాళ్ళు అటు పోనేకూడదా? పోవాలి, పనిమీద పోవాలి! 1981 డిసెంబరులో డాక్టర్ ఖాసిం నాయకత్వాన 21 మంది గోవా నుండి బయల్దేరి, 1982 జనవరి 9న ఆ నేలమీద కాలుపెట్టారు. తర్వాత మైత్రి, భారతి కేంద్రాలు వెలిశాయి. అక్కడ శాస్త్రజ్ఞులొక్కరే చాలరు. డాక్టరు కావాలి, వంటవాడు కావాలి, మెకానిక్కు కావాలి.

మా పక్కనే సంగం మండలం గాంధీజనసంగంలో పుట్టిన మల్లి మస్తాన్‌బాబు 2006 జనవరి 19న అంటార్కిటికాలోకెల్లా ఎత్తయిన విన్సన్ శిఖరమెక్కాడు. 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలూ ముగించాడు. 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణం విడిచాడు. ఓడ మీద నిలబడి ఫోటో తీయించుకుని రావడానికి వెళ్ళిన మనిషి కాదాయన. పల్లెటూరివాళ్ళకు అంత దూరమెందుకు అనేవారికి ఆయన పేరొక్కటి చాలు.

మిత్రులారా! గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం ఈ యాత్రలకు మనుషులను ఎంపిక చేస్తుంటుంది. సినిమా పోస్టరుకు చోటున్న మన నోటీసు బోర్డులో ఆ ప్రకటనకు చోటుండదా? వచ్చే యూనియన్ ఈ చిన్న పని చేపట్టాలని నా మనవి.